కారులో దీపం

మా ఇంట ఒక మారుతి కారు ఉన్నది. ఎనిమిది వందల రకం. 1998లో నాన్నగారు ప్రావిడెంటు ఫండులో అప్పుతీసి కొన్నారు. ఆ రకం కార్లు 1983 డిసెంబరులో మొదలై 2014లో తయారీ ఆగిపోయాయి గనుక, మాది ఇప్పుడు వృద్ధుల జాబితాలో చేరినట్టే. దానికి రెండుసార్లు రంగు వేయించాము, మూడుసార్లు సీట్లు కుట్టించాము. అమ్మేద్దామని మాలో ఎవరమూ ఇంతవరకు నోరు తెరిచి అనలేదు. అంటే ఆ పూట నాన్నగారు అన్నం తినరు.

మేమంటే అన్నదమ్ములం ఇద్దరం. బరంపురంలో తాతగారి నాటి ఇంట్లోనే కలిసి ఉంటున్నాము. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి గంజాము అందులో కలిసినప్పుడు మా తాతగారు ఇల్లు కదలలేదు. చుట్టరికాలు మాత్రం ఇచ్ఛాపురం, సోంపేట, పలాస మీదుగా శ్రీకాకుళం దాకా పరచుకొని ఉన్నాయి. అందుచేత ఏడాదిలో పది పన్నెండుసార్లయినా ఆ కారు సరిహద్దు దాటవలసిందే. పెళ్ళికని, పురిటికని, ఒక్కొక్కప్పుడు చెప్పకూడని కబురు వచ్చి.

ఇప్పుడు చెప్పబోయేది పెద్ద యంత్రవిద్య కాదు. కారు లోపల కప్పుకు అతికి ఉండే చిన్న దీపం సంగతి. తలుపు తెరిస్తే వెలుగుతుంది, మూస్తే ఆరిపోతుంది. ఇరవై ఏళ్ళకు పైగా దానివంక మేము తలెత్తి చూసి ఎరుగము.

గత మాఘమాసంలో సోంపేటలో ఒక పెళ్ళికి వెళ్ళాము. అమ్మకు పదేళ్ళుగా మధుమేహం. మాత్ర వేళకు వేసుకొన్నది గాని, పెళ్ళిసందడిలో వచ్చినవారిని పలకరిస్తూ విస్తరి ముందు సగం తిని లేచింది. రాత్రి తిరుగు ప్రయాణంలో ఇచ్ఛాపురం దాటిన తరువాత, వెనుక సీటులో ఉన్న అమ్మ ఏదో అడిగితే ఒకటి చెప్పడం మొదలుపెట్టింది. చెయ్యి పట్టుకొంటే చల్లగా చెమట. వేళ్ళు వణుకుతున్నాయి. చక్కెర పడిపోయిందని తెలిసింది. గ్లూకోజు డబ్బా సంచిలో ఉన్నది. సంచి ఎక్కడ? పెళ్ళివారిచ్చిన చీరల మూటలు, స్వీటు పెట్టెలు, కొబ్బరికాయలు, వాటన్నిటి అడుగున ఎక్కడో.

నాన్నగారు బండి రోడ్డు పక్కకు తీసి ఆపారు. తలుపులు తెరిచాము. కప్పు దీపం వెలిగింది అనడం కంటె, వెలగడానికి ప్రయత్నించింది అనడం న్యాయం. ఆముదపు దీపం కొండెక్కేముందు ఉండే వెలుతురు అది. పెద్దవాడు ఒక చేత్తో అమ్మను పట్టుకొని, రెండోచేత్తో ఫోను దీపం చూపించాడు. చిన్నవాడు మోకాళ్ళమీద కూర్చుని మూటలు లాగాడు. పెద్దకోడలు ముందు సీటు మీదినుంచి వంగి వెతికింది. ఎవరి నీడ వారికే అడ్డం. చివరకు డబ్బా సంచిలో లేనే లేదు, దొర్లిపోయి నాన్నగారి సీటు కిందికి చేరింది. నాలుగు నిమిషాలు పట్టిందో, ఐదో. మాకు మాత్రం ఆ రాత్రంతా పట్టినట్టున్నది. గ్లూకోజు నీళ్ళలో కలిపి కొంచెం కొంచెంగా తాగించాము. అప్పటికి మింగే తెలివి ఉన్నది గనుక సరిపోయింది. స్పృహ తప్పినవారి నోట్లో ఏమీ పోయరాదు. పావుగంటలో అమ్మ తేరుకొని, “కొబ్బరికాయలు బయట పడేశారేమిట్రా?” అన్నది. అప్పుడు మా ప్రాణాలు కుదుటపడ్డాయి.

మర్నాడు ఆదివారం. అన్నదమ్ములిద్దరం పంచెలు ఎగగట్టి కారు దగ్గర చేరాము.

మొదట బ్యాటరీకి నెగటివు తీగ విప్పి పక్కన పెట్టాము. ఈ పని చేయకుండా కారు కరెంటు ముట్టుకోవద్దని పాఠకులకు మా మనవి. తరువాత పలచని చెంచా కాడకు గుడ్డచుట్టి దీపపు మూత మెల్లగా పైకి లేపాము. పాత ప్లాస్టికు, తొందరపడితే అప్పడంలా విరుగుతుంది. మూత పసుపుబారి ఉన్నది. లోపల పిడికెడు దుమ్ము, రెండు చచ్చిన దోమలు, ఒక చీమల కాపురం. బల్బు మన ఇళ్ళలో ఉండే గుండ్రటిది కాదు. వేలెడు లేని గాజుగొట్టానికి రెండువైపులా మొనదేలిన టోపీలు ఉంటాయి. రెండు రేకుల నడుమ బిగిస్తారు. దానిమీద 12 వోల్టులు, 10 వాట్లు అని ఉన్నది.

బడాబజారులో మోటారు సామాన్ల దుకాణానికి వెళ్ళాము. దుకాణదారు సగం ఒరియా, సగం తెలుగు కలిపి, “ఎంత పొడుగు బాబూ? 31 మిల్లీమీటర్లా, 36, 39, 41?” అని అడిగాడు. మేము కొలిచి వెళ్ళలేదు. కంటి అంచనాతో ఒకటి తెచ్చాము. ఇంటికి వచ్చి పెట్టబోతే పట్టలేదు. మళ్ళీ వెళ్ళాము. పాత బల్బు జేబులో వేసుకొని వెళ్ళడం ఉత్తమమని అప్పుడు తట్టింది.

ఈసారి తెచ్చినది ఎల్.ఇ.డి. రకం. కారణం ఉన్నది. 10 వాట్ల బల్బు 12 వోల్టుల మీద 0.8 ఆంపియరు పైన తాగుతుంది. తలుపు సరిగా పడక రాత్రి పదిగంటలు అలా వెలిగితే ఎనిమిది ఆంపియరు గంటలు పోయినట్టే. మా బ్యాటరీ మొత్తం సత్తువే 35. ముసలి బ్యాటరీ అయితే తెల్లవారి బండి తోయవలసిందే. రెండుసార్లు తోశాము కూడా. ఎల్.ఇ.డి. ఒక వాటుతో అంతకు తగ్గని వెలుతురు ఇస్తుంది, వేడెక్కి మూతను కరిగించదు.

బిగించాము. బ్యాటరీ తగిలించాము. వెలగలేదు! తమ్ముడు దుకాణదారును తిట్టబోయాడు. అంతలో గుర్తుకువచ్చింది, పాత బల్బుకు ఎటైనా ఒకటే గాని, దీనికి ప్లస్సు మైనస్సు పట్టింపు ఉన్నదని. తీసి తిప్పి పెట్టేసరికి కారంతా పట్టపగలయింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. కోడళ్ళిద్దరూ వచ్చి చూశారు. అమ్మ వీధి అరుగుమీదినుంచే, “పూజగదిలో కూడా అలాంటిది పెట్టండిరా,” అన్నది.

నాన్నగారు మాత్రం సాయంత్రం ఒక చుట్టు తిరిగివచ్చి, “ఈ దీపం నాకు వద్దు. తీసేయండి,” అన్నారు.

పాతవస్తువు మీద మమకారమని మేము అనుకొన్నాము. బతిమాలాము. అప్పుడాయన, “తలుపు మూసి, దీపం ఆరాక రోడ్డు కనబడటం లేదురా. ఎంతసేపటికీ కళ్ళ ముందు నల్లగానే ఉంటున్నది,” అన్నారు.

ఆ మాట నిజమే. చీకట్లో చూడడానికి మన కంటిలో వేరే కణాలు ఉన్నాయి. విటమిన్ ఏ నుంచి తయారయ్యే ఒక వర్ణద్రవ్యం వాటి బలం. గట్టి వెలుతురు పడితే అది విరిగిపోతుంది. తిరిగి పూర్తిగా కూడడానికి ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది. ఆ కణాలకు నీలిఛాయ గల తెలుపే ఎక్కువ తగులుతుంది, ఎరుపు తక్కువ. మేము తెచ్చినది ఆ నీలితెలుపే. పెట్టెమీద 6000 కె అని ఉంటుంది. అసలు ఎల్.ఇ.డి. 1962లో మొదట కంటికి కనబడే వెలుగు ఇచ్చినప్పుడు ఎర్రగానే ఇచ్చింది. ప్రకాశమైన నీలిది రావడానికి మరి మూడు దశాబ్దాలు పట్టింది. ఆ నీలిది సాధించినందుకే ముగ్గురు శాస్త్రవేత్తలకు 2014లో నోబెల్ బహుమానం ఇచ్చారు. ఈనాటి తెల్ల దీపాలలో ఎక్కువ భాగం ఆ నీలిదానిమీద పసుపుపూత పూసినవే. పూత మార్చితే వెచ్చని పసుపు వెలుతురు వస్తుంది. దానిమీద 3000 కె అని ఉంటుంది.

అన్నీ నాన్నగారికి వివరించాము. ఆయన విని, కాసేపు ఊరుకొని, “తప్పంతా దీపానిది కాదులే. ఏడాదిగా ఎదుటి బండ్ల దీపాలు పువ్వుల్లా విచ్చుకొని కనబడుతున్నాయి. ఆ రాత్రి సోంపేట నుంచి వస్తూ కల్వర్టు గోడ నాకు దగ్గరికి వచ్చేదాకా కనబడలేదు. మీ అమ్మ నన్ను ఆపింది గాని, లేకపోతే...” అని ఆపేశారు.

మేమిద్దరం మాట్లాడలేదు. అమ్మకు చక్కెర పడిపోయిందని గాభరాపడ్డ రాత్రి, అసలు గాభరా పడవలసినది మరొకటి బండి నడుపుతూ ఉన్నదన్నమాట. డెబ్బైనాలుగేళ్ళ మనిషిని “రాత్రి మీరు నడపవద్దు” అని ఎవరు అనాలి? మేము ఏడాదిగా ఆ మాట దాటవేస్తున్నామని మాకు తెలుసు. అరవై దాటిన కంటి తెరకు చేరే వెలుతురు ఇరవై ఏళ్ళవాడికి చేరేదానిలో మూడోవంతేనని వైద్యులు చెబుతారు. పాప చిన్నదవుతుంది, కటకం పసుపుబారుతుంది. మా దీపపు మూతవలెనే. ఆ పోలిక తమ్ముడు పైకి అనబోతే అన్న కన్నెర్రజేశాడు.

మరుసటి ఆదివారం పని మళ్ళీ మొదలు. ఈసారి నాన్నగారు స్టూలు వేసుకొని పక్కన కూర్చున్నారు. వెచ్చని వెలుతురు బల్బు పెట్టాము. మూత సబ్బునీళ్ళతో కడిగాము. తలుపు చట్రంలో ఒక బొడిపె ఉంటుంది, దీపానికి అదే స్విచ్చి. “అది చూశారా?” అన్నారు నాన్నగారు. విప్పితే తుప్పు. గోపాలపూరు సముద్రం దగ్గర గదా, ఉప్పుగాలి దేన్నీ వదలదు. గరుకుకాగితంతో రుద్దాము. వేడుకకు పాత బల్బే తిరిగి పెట్టి చూస్తే, అదీ ఫరవాలేదనిపించింది! ఇరవై ఏళ్ళలో ఒక్కసారి తుడిచి ఉంటే సోంపేట రాత్రి ఇంత చీకటి ఉండేది కాదేమో.

అయినా కప్పు దీపం మనిషి నీడకు కిందికి దిగదు. అందుకని ముందు డాష్‌బోర్డు కింద, వెనుకవైపు సీట్ల అడుగున చిన్న ఎల్.ఇ.డి. పట్టీలు అతికించాము. ఈ పట్టీలను ఎక్కడపడితే అక్కడ కోయరాదు; మూడేసి దీపాలకు ఒక గీత ఉంటుంది, అక్కడే కోయాలి. ప్లస్సు తీగ కప్పు దీపానికి వచ్చే తీగనుంచి, మధ్య ఒక ఆంపియరు ఫ్యూజు పెట్టి తీశాము. మైనస్సు తీగ తలుపు స్విచ్చికి కలిపాము. తలుపు తెరిస్తే అన్నీ వెలుగుతాయి, మూస్తే అన్నీ ఆరుతాయి. తీగలు బ్రేకు పెడలుకు, స్టీరింగు కడ్డీకి తగలకుండా కట్టాము. మా కారులో ఎయిర్‌బ్యాగులు లేవు. కొత్త కార్లు ఉన్నవారు తలుపు స్తంభాలలోనుంచి, కప్పు అంచులలోనుంచి తీగలు దూర్చవద్దు. అక్కడ ఆ సంచులు మడిచి ఉంటాయి. అది తెలిసినవారి చేత చేయించుకోవలసిన పని.

మొత్తం ఖర్చు ఒక కుటుంబం హోటలుకు వెళ్ళివచ్చినంత కాలేదు, మొదట తెచ్చిన తప్పు బల్బులతో సహా.

గ్లూకోజు డబ్బాకు అమ్మే చోటు నిర్ణయించింది. సంచిలో కాదు, ముందు తలుపు అరలో, ఎప్పుడూ అక్కడే. “మీ దీపం బాగానే ఉంది గాని, చోటు తెలిస్తే చీకట్లోనైనా చెయ్యి పోతుంది,” అన్నది. మేము అంతపని చేసినదానికి ఇది కొంచెం చిన్నతనమనిపించినా, కాదనలేకపోయాము.

నెల తరువాత పలాసలో నామకరణం. తిరుగు ప్రయాణానికి సందెచీకటి పడింది. మేము సామాను సర్దుతున్నాము. నాన్నగారు తాళపుచెవి తీసి, ఎవరూ అడగకుండానే పెద్దకోడలి చేతికి ఇచ్చారు. “అమ్మా, నువ్వు నడుపు. నాకు కంటి డాక్టరు వచ్చేనెల శుక్లం తీస్తానన్నాడు. అందాకా సూర్యుడున్నంతవరకే నా డ్యూటీ,” అన్నారు. ఆమె, “అలాగే మామయ్యగారూ,” అని మాత్రం అన్నది.

ఆయన వెనుక తలుపు తెరిచారు. అడుగున పసుపు వెలుతురు పరచుకొన్నది. అమ్మ కాలు ఎక్కడ పెట్టాలో చూసుకొని, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కి కూర్చున్నది. నాన్నగారు పక్కన కూర్చుని తలుపు మూశారు. దీపాలు ఆరాయి. బండి కదిలింది.