అంతర్వేది తీర్థం నుంచి ఉత్తరాలు

నరసాపురం,
మాఘ శుద్ధ దశమి

అక్కా,

పంటు కోసం రేవులో ఆగి ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. వశిష్ట గోదావరి దాటితే సఖినేటిపల్లి, అక్కణ్ణుంచి అంతర్వేది. ఈ రాత్రికి లక్ష్మీనరసింహస్వామి కల్యాణం, రేపు భీష్మ ఏకాదశికి రథం. మోటారుసైకిళ్లు, మూటలు, చంకన పిల్లలు, రేవంతా జనమే. నా పక్కన ఒక సన్నాయి మేళం ఉంది. తోలు చెమ్మగిల్లితే నాదం దిగిపోతుందని డోలును దుప్పట్లో చుట్టి ఒళ్లో పెట్టుకున్నారు పెద్దాయన. నేను వచ్చింది వీళ్ల కోసమే.

అంతర్వేది,
ఏకాదశి రాత్రి

అక్కా,

రథం చూశాను. పాతది 2020 సెప్టెంబరులో కాలిపోయిందని నువ్వు ఎంత బాధపడ్డావో గుర్తుంది. 2021 నుంచి ఈ కొత్త రథమే తిరుగుతోంది. స్వామి దారిలో చెల్లెలు గుర్రాలక్క గుడి దగ్గర ఆగి చీర, సారె ఇచ్చి వెళతాడు. ఆడపడుచు మర్యాద దేవుడికీ తప్పలేదని పక్కనున్న ఆవిడ కళ్లొత్తుకుంది.

ఇక పాట సంగతి. రథం ముందు సన్నాయి ఊదే కుర్రాడికి రెండడుగుల దూరంలో నడిచాను. సముద్రపు గాలికి రెల్లు నాలిక ఆరిపోతుంటే మాటిమాటికీ నోట్లో పెట్టుకుని తడుపుతున్నాడు. డోలు పెద్దాయన కుడిచేతి వేళ్లకు గట్టి తొడుగులు, ఎడమచేతిలో పుల్ల. జనం తోసుకొస్తున్నా ఆయన నడక తాళం తప్పలేదు. వెనక గరగలవాళ్లు. నెత్తిన గరగ, కాళ్లకు గజ్జెలు. చేత్తో పట్టుకోకుండానే గిర్రున తిరుగుతున్నారు, గరగ మాత్రం కదలదు! అంత విద్య ఊరి వీధుల్లో, నడిచే జనం మధ్య ఇలా పుష్కలంగా దొరకడం నాకు గొప్పగా అనిపించింది.

ఒక్కటే కోపం. దుకాణాల మైకులు నాలుగు వైపులా మోగుతుంటే సన్నాయి పదడుగులు దాటి వినపడటం లేదు. రథం కదిలినంత సేపయినా మైకులు ఆపించాలి. కల్యాణాలకి, తీర్థాలకి పిలుపు వస్తేనే ఈ మేళాలకు సంవత్సరం గడిచేది. పిలిచి, వాళ్ల వాద్యం వినపడకుండా చేస్తే ఆ కుర్రాడు తన కొడుక్కి ఈ విద్య ఎందుకు నేర్పుతాడు?

అంతర్వేది,
మాఘ పౌర్ణమి

అక్కా,

తెల్లవారుజామునే సముద్ర స్నానాలు మొదలయ్యాయి. అన్నాచెల్లెళ్ల గట్టు దాకా నడిచాను. గోదావరి సముద్రంలో కలిసే చోటు అదే. మైకులు ఇక్కడిదాకా రావు. ఇసుకలో కూర్చున్న కొందరు ఆడవాళ్లు చప్పట్లతో తాళం వేస్తూ పాడుతున్నారు. ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకుంటున్నారు. నన్నూ కూర్చోమన్నారు. చరణాలు రాకపోయినా పల్లవికి గొంతు కలిపాను.

పిల్లలకు జీళ్లు కొన్నాను. రేపు కపిలేశ్వరపురం వెళతాను. అక్కడి సర్వారాయ హరికథా పాఠశాల 1973లో పెట్టింది. చేతిలో చిడతలు, కాళ్లకు గజ్జెలతో నిలబడి ఒక్కతే కథ చెబుతూ, పాడుతూ, ఆడే విద్యను ఆడపిల్లలకు అక్కడ నేర్పుతూ వచ్చారు. వీలైతే ఒక కథ పూర్తిగా విని నీకు వివరంగా రాస్తాను. బావగారికి నమస్కారాలు చెప్పు.