శొంఠి లేని కషాయం

“శొంఠి లేని కషాయం లేదు” అని సామెత. ప్రతి వ్యవహారంలోనూ తల దూర్చేవారిని చూసి మనం ఈ మాట అంటూ ఉంటాం. ఆ మనుషుల సంగతి అలా ఉంచి, అసలు శొంఠి సంగతి కొంచెం చూద్దాం.

ఇంగ్లీషువారికి పచ్చిదైనా ఎండినదైనా జింజరే. మనవాళ్లు పచ్చిదాన్ని అల్లమన్నారు, ఎండినదాన్ని శొంఠి అన్నారు. రెండు పేర్లెందుకు, దండగ అనుకోకండి. రసాయనశాస్త్రమూ ఇవి వేరనే చెబుతున్నది. అల్లానికి కారమిచ్చేది జింజరాల్ అనే పదార్థం. ఎండేటప్పుడు అందులో కొంత ఒక నీటి అణువును పోగొట్టుకొని షోగాల్‌గా మారుతుంది. దాని ఘాటు ఇంకా ఎక్కువ. జపాను భాషలో అల్లాన్ని షోగా అంటారు. ఆ పేరు అందులోంచి వచ్చిందే.

ముదిరిన దుంపలను నానబెట్టి కడిగి, వెదురుబద్దతో పైతోలు మాత్రం గీకుతారు. లోతుగా గీకితే తోలు కిందనున్న సువాసన నూనె పోతుంది. పిమ్మట వారం పది రోజులు ఎండబెడతారు. అయిదు కిలోల అల్లానికి ఇంచుమించు ఒక కిలో శొంఠి వస్తుంది.

చిన్న శొంఠికొమ్ము, చెంచాడు ధనియాలు, నాలుగు మిరియాలు కచ్చాపచ్చాగా దంచి, రెండు గ్లాసుల నీళ్లు ఒక గ్లాసు అయ్యేదాకా మరిగించి, వడగట్టి బెల్లం కలిపితే కషాయం సిద్ధం. ఇందులో కెఫీను లేదు గనుక కాఫీలా నిద్ర చెడగొట్టదు. వికారానికి, వేవిళ్లకు అల్లం కొంత ఉపశమనమిస్తుందని వైద్యపరీక్షలలో తేలింది. జలుబు చేసిన గొంతుకు వెచ్చగా హాయిగానూ ఉంటుంది. గర్భిణులు, రక్తం గడ్డకట్టకుండా మందులు వాడేవారు మాత్రం డాక్టరు నడిగే తాగాలి.

2020లో కరోనా వచ్చినప్పుడు ఆయుష్ మంత్రిత్వశాఖ సూచించిన కషాయంలోనూ శొంఠి ఉన్నది. రోజుకు ఒకటి రెండుసార్లు తాగమన్నారు. మనవాళ్లు దాన్ని సర్వరోగ నివారిణిని చేసి కూర్చున్నారు!

మా వీధిలో ఒక పెద్దాయన నెల రోజుల దగ్గును కషాయంతోనే నెట్టుకొచ్చారు. చివరకు కోడలు, “కషాయం నేనే కాచి ఇస్తాను మామయ్యగారూ, ముందు కళ్లె పరీక్షకు పదండి” అని పట్టుబట్టింది. తేలినది క్షయ. ప్రభుత్వాసుపత్రిలో మందులు ఉచితంగానే ఇచ్చారు. ఆరు నెలలు తప్పకుండా వాడి, ఆయన ఇప్పుడు ఆరోగ్యంగా ఉన్నారు.

దగ్గు రెండు వారాలు దాటితే పరీక్ష చేయించుకొని తీరాలి. ప్రతి కషాయంలోనూ శొంఠి ఉంటుందన్నారు పెద్దలు. ప్రతి రోగానికీ శొంఠే మందని అనలేదు గదా!