తెల్లవారితే గురువారం

ప్రియమైన మీ అందరికీ,

పోయిన నెల ఉత్తరం రాలేదని కొందరు అలిగారు, కొందరు ఒంట్లో బాగులేదేమోనని కంగారుపడ్డారు. ఒంట్లో బాగానే ఉంది. మా అక్క కూతురి పెళ్లి మాఘంలో ఇక్కడే, రాయ్‌పూర్‌లో అయింది. పసుపు దంచడం, విడిది చూడటం, చీరలకి ఫాల్ కుట్టించడం తలా ఒకరు పంచుకుంటే నా వాటాకి వెబ్‌సైటు వచ్చింది. "రాయడం నీకు వచ్చు కదా పిన్నీ, నువ్వు రాయి. మిగతాది తమ్ముడు చూసుకుంటాడు" అంది పెళ్లికూతురు. తమ్ముడంటే మా చిన్నాడు.

పెళ్లికి వెబ్‌సైటేమిటి, చోద్యం కాకపోతే, అని నేనూ అనుకున్నాను. ఇద్దరూ ఎక్కడ కలుసుకున్నారో, ఎవరికి ఏ రంగు ఇష్టమో రాసి, వెనకాల వేణువు మోగించే వ్యవహారమని నా ఊహ. చిన్నాడు మొదట చేసి చూపించింది అచ్చం అలాగే ఉంది. గులాబీ రేకులు రాలుతున్నాయి. అది రెండు రోజులు చూశాక పక్కన పెట్టించాను. ఎందుకో చెప్పాలంటే మా చుట్టాల సంగతి చెప్పాలి.

మా బంధువర్గమంతా ఒక రైలు దారి పొడుగునా ఉంటుంది. పార్వతీపురం నుంచి రాయ్‌పూర్ దాకా లైను 1931లో పూర్తయింది, బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే వాళ్ల హయాంలో. ఆ లైను పట్టుకునే మా తాతగారు ఉద్యోగానికి ఇటు వచ్చారు, మళ్లీ వెనక్కి పోలేదు. విజయనగరం, బొబ్బిలి, పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్... ఆ స్టేషన్ల పేర్లు వరసగా చదివితే మా ఇంట్లో హాజరుపట్టీ చదివినట్టే ఉంటుంది. కొందరు భిలాయి ఉక్కు కర్మాగారంలో చేరి అక్కడే ఇళ్లు కట్టుకున్నారు. ఒక బావగారు డల్లాస్‌లో. ఇక పెళ్లికొడుకువాళ్లది మహాసముంద్ దగ్గర పల్లె, ఇంట్లో ఛత్తీస్‌గఢీ మాట్లాడతారు. ఇంతమందికి ఒక్కొక్కరికీ ఫోనులో చెప్పుకుంటూ కూర్చుంటే ఏమవుతుందో నాకు తెలుసు. మా పెద్దాడి పెళ్లిలో ఆ భాగ్యం అనుభవించాను. తలంబ్రాలవేళ కూడా ఫోను నా చెవి దగ్గరే ఉంది, ఎవరో స్టేషన్‌లో దిగి ఎటు రావాలని అడుగుతున్నారు.

అందుకని ఈసారి ముహూర్తం పెట్టుకున్న రోజునుంచే ఫోను పక్కన ఒక నోటుపుస్తకం పెట్టాను. ఎవరు ఏ ప్రశ్న అడిగితే అది రాసుకోవడమే. వారం తిరిగేసరికి నాలుగు పేజీలయ్యాయి. "మీ ఊళ్లో చలి ఉందా?" "స్టేషన్‌కి ఎవరైనా వస్తారా, ఆటో మాట్లాడుకోమంటారా?" "మడి కట్టుకునేవాళ్లకి వంట వేరుగా ఉంటుందా?" "అబ్బాయివాళ్లతో ఏ భాషలో మాట్లాడాలి?" "రాయ్‌పూర్ రాయగడకి ముందా, తరవాతా?" ఆ పుస్తకమే వెబ్‌సైటు అయింది. మీలో ఎవరైనా ఇలాంటిది చేయించుకోబోతుంటే నేను చెప్పగలిగింది ఇదే: బొమ్మలతో మొదలుపెట్టకండి, ముందు వారం రోజులు ఫోను ఎత్తండి.

రాయగడ మాట నవ్వులాటకి అనలేదు. పెద్దాడి పెళ్లికి వస్తూ మా బాబాయి ఒకాయన రాత్రి బండిలో నిద్రమత్తులో "రాయ" అన్న ముక్క విని, సంచీ భుజాన వేసుకుని రాయగడలో దిగిపోయారు. బండి కదిలాక బోర్డు చూసుకున్నారట. తరవాతి బండి దొరికి ఇక్కడికి చేరేసరికి అప్పగింతలు అవుతున్నాయి. ఇది చాలదన్నట్టు ఛత్తీస్‌గఢ్‌లోనే రాయగఢ్ అని ఇంకో ఊరుంది, అది హౌరా లైనులో బిలాస్‌పూర్ అవతల. కాబట్టి మా వెబ్‌సైటు తెరవగానే మొట్టమొదటి వాక్యం, దంపతుల పేర్లకన్నా పైన, ఇది: "మీరు దిగవలసిన స్టేషన్ రాయ్‌పూర్. రాయగడ కాదు, రాయగఢ్ కాదు." పెళ్లికూతురు మూతి ముడిచింది. మా బాబాయి మాత్రం కడుపునిండా నవ్వారు.

రైళ్ల పేజీ నేనే కూర్చుని రాశాను. సమతా ఎక్స్‌ప్రెస్ ఎక్కేవాళ్లెవరు, 2024 సెప్టెంబరులో మొదలైన విశాఖ–దుర్గ్ వందే భారత్ ఎవరికి నప్పుతుంది, విమానంలో వచ్చేవాళ్లు మానాలో దిగాక ఎటు తిరగాలి, అన్నీ మాటల్లోనే. బండ్ల వేళలు మాత్రం వేయలేదు, మారితే పాపం మనకి చుట్టుకుంటుంది. ఒక సంగతి చాలామంది మర్చిపోతారు. రైలు రిజర్వేషన్లు ఇదివరకు 120 రోజుల ముందు తెరిచేవారు, 2024 నవంబరు నుంచి అది 60 రోజులయింది. శుభలేఖ అచ్చయి, నాలుగు మూలలా పసుపు అద్దుకుని చేతికి అందేసరికి ఆ అరవై రోజుల్లో సగం దాటిపోతాయి. వెబ్‌సైటు శుభలేఖ కోసం ఆగక్కర్లేదు. తేదీ, ఊరు, బండ్లు ఉన్న ఒక్క పేజీ చాలు, డెబ్భై రోజుల ముందే పెట్టేశాం. మిగతావి తీరిగ్గా చేర్చుకున్నాం.

అసలు రభస తేదీ దగ్గర వచ్చింది. మనవాళ్ల ముహూర్తాల సంగతి తెలిసిందే కదా, రాత్రి 2 గంటల 38 నిమిషాలకి. శుభలేఖలో అయితే తరతరాలుగా ఒక చక్కటి వాక్యం ఉంది: "బుధవారం రాత్రి, తెల్లవారితే గురువారం". మన పంచాంగంలో రోజు సూర్యోదయంతో మొదలై మర్నాటి సూర్యోదయంతో ముగుస్తుంది గనక మనకి అది ఇంకా బుధవారమే. కంప్యూటరుకి అర్ధరాత్రి దాటితే గురువారం. చిన్నాడు గళ్లలో బుధవారం తేదీ వేసి, 2.38 అని కొట్టాడు. దాంతో పేజీ మీద "ఇంకా ఇన్ని రోజులు, ఇన్ని గంటలు" అని వెనక్కి లెక్కపెట్టే గడియారం సరిగ్గా ఒక రోజు ముందు సున్నాకి చేరేలా కూర్చుంది. కనిపెట్టింది ఎవరనుకున్నారు? డల్లాస్ బావగారు. వాళ్లకీ మనకీ ఆ రోజుల్లో పదకొండున్నర గంటల తేడా. ఇక్కడ ముహూర్తమైతే వాళ్లకి బుధవారం మధ్యాహ్నం 3.08. యూట్యూబులో చూడటానికి ఆఫీసుకి సెలవు పెట్టబోతే ఆయన ఫోనులో మంగళవారం చూపించింది. "మీకు ముహూర్తం మారిందా, నాకు మతి పోయిందా?" అని మెసేజ్.

గడియారం తీయించేశాను. దాని చోట పెద్ద అక్షరాలతో పాత వాక్యమే పెట్టాం, కింద హిందీలో: బుధవారం సాయంత్రం ఏడింటికి రండి, భోజనం ఎనిమిదినుంచి, పెళ్లి ఆ రాత్రే రెండు దాటాక. ఇది అబ్బాయివాళ్లకి మరీ అవసరమైంది. వాళ్లు బరాత్‌తో వస్తారు, జయమాల చూస్తారు, భోంచేసి వెళ్లిపోతారు. దగ్గరి బంధువులే భాఁవర్ దాకా, అంటే అగ్ని చుట్టూ తిరిగేదాకా, ఉంటారు. పెళ్లికొడుకు పెదనాన్నగారు ఒకటికి రెండుసార్లు అడిగారు, ఆ రెండు గంటలకి సరిగ్గా ఏం జరుగుతుందని. జీలకర్ర బెల్లం గురించి హిందీలో రాయడం ఇంత కష్టమని నాకు తెలియదు. "ఇద్దరూ ఒకరి తల మీద ఒకరు జీలకర్ర బెల్లం ముద్ద పెడతారు, ఆ క్షణమే సుముహూర్తం" అని రాశాం. చదివి ఆయన అన్నారు, "మరి తాళి?" అని. అది తరవాత అని ఇంకో వాక్యం చేర్చాం. బదులుగా వాళ్లావిడ టికావన్ గురించి చెప్పి తెలుగులో రాయించారు. పసుపు బియ్యంతో బొట్టు పెట్టి కానుకలిచ్చే తంతు. మన చదివింపులే అనుకోండి, కాకపోతే మైకులో పేరూ అంకే చదవరు. నాకు అదే మర్యాదగా తోచింది.

క్యూఆర్ కోడ్ కథ క్లుప్తంగా చెప్తాను, ఇంకా ఒళ్లు మండుతోంది. శుభలేఖ వెనక ఆ నల్లగళ్ల చదరం వేస్తే ఫోను చూపించగానే పేజీ తెరుచుకుంటుంది. కార్డులు అచ్చువేసేచోట "మేమే వేసిస్తాం" అన్నారు. వేశారు, పనిచేసింది, సంతోషించాం. మూడో వారంలో చూపిస్తే "మీ గడువు ముగిసింది, డబ్బు కట్టండి" అని ఏదో కంపెనీ పేజీ వచ్చింది. ఆ గళ్లలో ఉన్నది మన చిరునామా కాదు, ఆ కంపెనీ చిరునామా. అక్కడికి వెళ్లి, అక్కణ్నుంచి మన దగ్గరికి తిప్పుతారన్నమాట, ఉచితంగా తిప్పేది కొన్నాళ్లే. మన చిరునామానే నేరుగా గళ్లుగా మార్చుకుంటే దానికి గడువంటూ ఉండదు, పైసా ఖర్చూ లేదు. పంచని కార్డుల్లో ఒకటి తప్ప అన్నిటికీ స్టిక్కర్లు అంటించాం. అచ్చుకి ఇచ్చేముందు ఫోను చూపించి, పేజీ తెరుచుకునేలోపు పైన ఎవరి పేరు మెరుస్తుందో గమనించండి.

లింకు పంపితే నొక్కనివాళ్లూ ఉన్నారు, వాళ్ల భయం న్యాయమైనదే. పెళ్లి పిలుపు పేరుతో వాట్సాప్‌లో ఏపీకే ఫైలు పంపి, దించుకున్నవాళ్ల ఫోనులో దూరి డబ్బు కాజేసే మోసం గురించి 2024 నవంబరులో హిమాచల్ ప్రదేశ్ పోలీసులు హెచ్చరించారు. కాబట్టి ప్రతి పిలుపులోనూ ఒక మాట నోటితో చెప్పాం: మావి చదువుకునే పేజీలే, ఏదీ దించుకోవక్కర్లేదు, దించుకోమంటే అది మాది కాదు. ఇంటి చిరునామా పెట్టలేదు. పెళ్లిరాత్రి ఇంట్లో ఎవరూ ఉండరని ఊరందరికీ టముకు వేసినట్టవుతుంది. ఆడపిల్లల నెంబర్లు పెట్టలేదు, చిన్నాడిదొక్కటే. చదివింపులకి యూపీఐ కోడ్ పెడదామన్నారు మా బావగారు, డల్లాస్ ఆయన కాదు, ఇంకొకరు. నేను ఒప్పుకోలేదు. గుమ్మంలోనే హుండీ పెట్టినట్టుంటుంది.

బొమ్మలు కూడా రెండే. అడవి దారిలో బండి పోతుంటే సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది, బరువైన పేజీ అక్కడ తెరుచుకోదు. అక్షరాలు పెద్దవి, తెలుగు పైన, హిందీ కింద. "రాత్రి పచ్చిక మీద కూర్చోవాలి, మీ ఊరి చలి వేరు మా ఊరి చలి వేరు, శాలువా తెచ్చుకోండి" అన్న వాక్యానికి వచ్చినన్ని దీవెనలు నా ఏ ఉత్తరానికీ రాలేదు.

చివరి పేజీలో ఒక ఫారం. ఎంతమంది వస్తున్నారు, ఏ బండికి, ఇంకేమైనా చెప్పాలా అని మూడే గళ్లు. వంటవాళ్లకి లెక్క చెప్పడానికి అది ప్రాణం. ఒక రాత్రి చిన్నాడు ఆ జాబితా చదువుతూ ఆగిపోయాడు. పార్వతీపురంలో మా మేనత్త, ఎనభై దాటిన మనిషి, మనవడి చేత పూర్తి చేయించింది. ఎంతమంది వస్తున్నారు: 0. ఏ బండికి: ఖాళీ. ఇంకేమైనా చెప్పాలా: "ఫోను పిలిచింది. మనుషులు పిలవలేదు."

నాకు టెలిగ్రాముల రోజులు గుర్తొచ్చాయి. పెళ్లి శుభాకాంక్షలకి ఒక అంకె ఉండేది. తంతి ఆఫీసులో ఆ అంకె చెబితే చాలు, అవతలి ఊళ్లో నిండు వాక్యమై చేరేది. 2013 జులైలో తంతి సేవ మూతపడేదాకా దాన్నెవరూ తప్పుపట్టలేదు. ఎందుకంటే అది రానివాళ్లు పంపేది. పిలిచేవాళ్లు అంకెలతో పిలవలేదు ఎప్పుడూ. మేం అరవై రోజుల లెక్కలో పడి, వెబ్‌సైటు ముందు పంపి, బొట్టు పెట్టడం తరవాతకి వాయిదా వేశాం. ఆ తరవాత రాలేదు.

మర్నాడు పొద్దున్నే అక్కా నేనూ కుంకుమ భరిణె, అక్షింతలు, స్టిక్కరు లేకుండా ఎత్తిపెట్టుకున్న ఒక శుభలేఖ పట్టుకుని వందే భారత్ ఎక్కాం. అత్త మమ్మల్ని చూసి ఆశ్చర్యపోలేదు. కూర్చోమంది, బొట్టు పెట్టించుకుంది, కార్డు దేవుడి దగ్గర పెట్టి వచ్చింది. అప్పుడడిగింది: "మీరు రాసిన దాంట్లో శాలువా అన్నారు, అది సరిపోతుందా, రగ్గు తేవాలా?" ఆవిడ మొత్తం చదివించుకుంది, టికావన్‌తో సహా.

సాయంత్రం అదే బండిలో వెనక్కి వస్తుంటే, రాయగడ దాటాక, ఫోను కుయ్‌మంది. ఫారంలో సున్నా పోయి ఆరు వచ్చింది. కింద గడిలో: "రగ్గు తెస్తున్నాం."

ఉంటాను,
మీ
రాయ్‌పూర్ అక్క