కార్పెట్ కింద ఏముంది?



ఈ మధ్య బడి గేటు దగ్గర మీలో చాలామంది నన్ను ఒకటే అడుగుతున్నారు. "మేడమ్, ఆ పాత ఫియట్టు మీదేనా? ఆ డబ్బుతో మంచి స్కూటీ వచ్చేది కదా, దాన్నెందుకు కొన్నారు?" అని. గేటు దగ్గర నిలబడి రెండు ముక్కల్లో చెప్పలేకపోయాను. ఈ నెల పత్రికలో నాకు చోటిచ్చారు కాబట్టి ఇక్కడ చెప్తాను. కారు గురించి మొదలుపెట్టినా చివరికి మీ పిల్లల దగ్గరికే వస్తాను.

మా నాయన ఉదయగిరిలో ఒక డాక్టరు గారి దగ్గర ఇరవై రెండేళ్ళు డ్రైవరుగా చేశారు. డాక్టరు గారి కారు ప్రీమియర్ పద్మిని. మా ఊళ్ళో ఆ పేరు ఎవరూ అనేవాళ్ళు కాదు, అందరికీ అది ఫియట్టే. అనడంలో తప్పేమీ లేదు. ఇటలీ ఫియట్ కంపెనీ వాళ్ళ 1100డి మోడల్ కారునే ప్రీమియర్ ఆటోమొబైల్స్ వాళ్ళు బొంబాయి కుర్లాలో 1964 నుంచి తయారుచేశారు. 1974లో దానికి పద్మిని అని పేరు పెట్టారు. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చేదాకా మన రోడ్ల మీద కారంటే ఎక్కువగా అంబాసిడర్, లేదంటే ఇదే. తయారీ ఎప్పుడో ఆగిపోయినా బొంబాయిలో నలుపు పసుపు టాక్సీలుగా 2023 అక్టోబరు దాకా తిరిగాయి.

ఆ కారు కడిగేది నాయన, తుడిచేది నాయన, దాని గొంతులో తేడా వస్తే ముందు పసిగట్టేది నాయన. ఆర్‌సీలో పేరు మాత్రం ఆయనది కాదు. డాక్టరు గారు ఊరు వదిలి వెళ్ళేటప్పుడు కారు అమ్మేశారు. తర్వాత నాయనకి షుగరు, కళ్ళ ఆపరేషను. డ్రైవింగు మానేశారు. "మనకీ ఒకటి ఉంటే బాగుండు" అని ఆయన ఏనాడూ అనలేదు. రోడ్డు మీద ఫియట్టు కనబడితే మాత్రం అది మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడేవారు.

2024 మే నెలలో ఉదయగిరి కొండ కింద ఒక వీధిలో, వేపచెట్టు కింద, టార్పాలిన్ కప్పిన పద్మిని కనబడింది. 1991 మోడల్, ఏపీ 26 నెల్లూరు రిజిస్ట్రేషను, డాక్టరు గారి కారులాగే మీగడ రంగు. ఇంటివాళ్ళు నలభై వేలు చెప్పారు. నా దగ్గర అప్పుడు చీటీ పాడిన డబ్బు లక్షా ఇరవై వేలు ఉంది. ఆ డబ్బుతో నా పెళ్ళికి గొలుసు చేయించాలని అమ్మ అనుకుంటోంది. విషయం చెప్పగానే "తుప్పు పట్టిన డబ్బాకి లచ్చ రూపాయలు పోస్తారా యాడన్నా?" అంది. నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు.

నాయన మాత్రం మూడు మాటలు చెప్పారు. "ఆర్‌సీలో నంబర్లు, ఇంజను మీద నంబరు, బాడీ మీద నంబరు ఒకటేనా చూడు. ఒక అయస్కాంతం తీసుకుపో. కార్పెట్ ఎత్తి చూడు."

మొదటి రెండూ చేశాను. నంబర్లు సరిపోయాయి. 2021లో రెన్యువల్ చేయించారు కాబట్టి ఆర్‌సీకి అప్పటికి 2026 దాకా గడువు ఉండింది. అయస్కాంతం ఎందుకంటే, రేకు తుప్పు తినేసిన చోట పట్టీ పూసి రంగేస్తారు. పైకి నున్నగానే ఉంటుంది గానీ అక్కడ అయస్కాంతం అంటుకోదు. బానెట్టు, తలుపులు, డిక్కీ అన్నిచోట్లా పెట్టి చూశాను. ఒక తలుపు కింది అంచు తప్ప అంతా బాగానే అంటుకుంది. కార్పెట్ మాత్రం ఎత్తలేదు. అంచులు గమ్ముతో అతికించి ఉన్నాయి. పీకితే వాళ్ళేమనుకుంటారో అని మొహమాటపడ్డాను. నిజం చెప్పాలంటే, ఎత్తితే ఏం కనబడుతుందోనని కూడా భయపడ్డాను. అప్పటికే మనసు కారు మీదకి పోయింది.

కారు మా చేతికొచ్చాక నేను ముందు చేయించింది రంగు. నాయన వద్దన్నారు. "ముందు మేస్త్రికి చూపిద్దాం అమ్మడూ" అన్నారు. నేను వినలేదు. అమ్మకి, చుట్టాలకి, వీధిలో నవ్విన వాళ్ళకి అది మెరుస్తూ కనబడాలి నాకు. ఇరవై నాలుగు వేలు అయింది. ఫోటోలు తీసి స్టేటస్ పెట్టాను. నూటికి పైగా మెసేజీలు వచ్చాయి. అప్పటికింకా ఇంజను స్టార్టు కూడా కాలేదు.

తర్వాత ట్రాక్టరుకు మోకు కట్టి ఆత్మకూరులో ఒక మేస్త్రి షెడ్డుకు చేర్చాం. నాయన తోటివాడే ఆయన. రంగు వైపు కన్నెత్తి కూడా చూడలేదు. డ్రైవరు తలుపు తీసి, కార్పెట్ అంచు పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. కింద ఎర్రటి పొడి. స్క్రూడ్రైవరు ఆనించి నొక్కితే అప్పడంలా విరిగి, దాని మొన కింద సిమెంటు నేలకి తగిలింది. అద్దం చుట్టూ ఉండే రబ్బరు బీడింగు ఎండి పగిలిపోయింది. వేపాకులు పడి నీళ్ళు పోయే దారులు మూసుకుపోయాయి. ఎన్నో వానల నీళ్ళు లోపలికి జారి కార్పెట్ కిందే నిలిచిపోయాయి.

"జీపుకి, లారీకి కింద విడిగా చాసీ ఉంటుందమ్మా. దీనికి లేదు. ఈ నేల రేకు, ఈ పక్క రేకులు, ఈ పైకప్పు అన్నీ కలిసే దీని చాసీ. నేల పోయిందంటే బలం పోయినట్టే. గుంతలో దిగితే సీటుతో సహా కిందకి దిగుతారు" అన్నాడు మేస్త్రి. రేకు కోసి కొత్తది వెల్డింగు చేయాలి. ఆ వేడికి తలుపుల కింద కొత్త రంగు కాలిపోతుంది. నా ఇరవై నాలుగు వేలు బూడిదే.

ఆ రాత్రి ఉదయగిరి బస్సులో ఇంటికి పోతుంటే డబ్బు గురించి బాధపడాలి కదా. నాకు వేరే విషయం గుర్తొచ్చింది. మీకు అది చెప్పాలనే ఇదంతా రాస్తున్నాను.

బీఈడీ అయ్యాక నేను మొదట పనిచేసిన బడిలో వార్షికోత్సవానికి మూడో తరగతి పిల్లవాడి చేత ఇంగ్లిషులో మూడు నిమిషాలు మాట్లాడించాను. నెల రోజులు బట్టీ పట్టించాను. ఎక్కడ ఆగాలో, ఎక్కడ చెయ్యి ఎత్తాలో కూడా నేర్పాను. హాలంతా చప్పట్లు. వాళ్ళమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నా మొదటి ఏడాదే నాకు మంచి పేరొచ్చింది. వారం తర్వాత అదే పిల్లవాడు క్లాసులో లేచి నిలబడ్డాడు. ఏదో చెప్పాలని నోరు తెరిచాడు, మూశాడు. "స్పీక్ ఇన్ ఇంగ్లిష్" అన్నాను. నవ్వుతూనే అన్నాను. వాడు కూర్చున్నాడు. పది నిమిషాల తర్వాత బెంచీ మీదే వాంతి చేసుకున్నాడు. కడుపులో నొప్పిగా ఉందని చెప్పడానికి వాడికి ఇంగ్లిషు రాలేదు. తెలుగులో చెప్తే నేనేమంటానోనని భయం.

మూడు నిమిషాల ఉపన్యాసం ఇచ్చిన పిల్లవాడు కడుపునొప్పి అని చెప్పలేకపోయాడు. నేను రంగు వేశాను, కార్పెట్ ఎత్తి చూడలేదు. ఆ రోజు వాడిని కడిగి, బట్టలు మార్పించి, ఇంటికి పంపాను. వాళ్ళమ్మకి "ఒంట్లో బాగాలేదు" అని మాత్రమే చెప్పాను. మిగతాది చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

కారు పని ఏడు నెలలు పట్టింది. ఈసారి మేస్త్రి చెప్పిన వరసలోనే చేయించాను. ముందు నేల. తర్వాత బ్రేకులు. నాలుగు చక్రాలకీ డ్రమ్ము బ్రేకులే, లోపలి రబ్బర్లన్నీ గట్టిపడిపోయాయి. తర్వాత వైరింగు. ఆ తర్వాత పెట్రోలు పైపులు. ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వస్తోంది, పాత రబ్బరు పైపులు దానికి తట్టుకోవు. ఆఖరున ఇంజను, 1089 సీసీ. దొరకని సామాన్ల కోసం మేస్త్రి రెండుసార్లు చెన్నై పుదుప్పేట వెళ్ళొచ్చాడు. పాత బండ్ల విడిభాగాలకి అదే పెద్ద అంగడి.

అక్కడా దొరకనిది ఒకటే. ఈ కారుకి గేరు కింద ఉండదు, స్టీరింగు పక్కన చేతి గేరు. దాని కొస గుండు విరిగిపోయింది. మా ఉదయగిరి చెక్క గరిటెల సంగతి మీకు తెలిసే ఉంటుంది, వాటికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఆ పని చేసే ఆమె ఒకరు బిక్కి చెక్కతో ఒక్క సాయంత్రంలో గుండు చెక్కిచ్చారు. డబ్బు తీసుకోలేదు. "మీ నాయన మా అత్తని ఆ కార్లోనే కాన్పుకి తీసకపోయినాడు" అన్నారు.

మొత్తం లక్షా డెబ్బై వేలు దాటింది. చీటీ డబ్బు చాలక యాభై వేలు అప్పు చేశాను. మీలో ఎవరైనా పాత కారు కొనాలనుకుంటే ఇవి గుర్తుపెట్టుకోండి. ఆర్‌సీ పదిహేనేళ్ళకి ముగుస్తుంది, ఆ తర్వాత ఐదేళ్ళకోసారి రెన్యువల్. కారు రెన్యువల్ ఫీజు 600 ఉండేది, 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది. ఇరవై ఏళ్ళు దాటిన కార్లకి 2025లో 10,000 చేశారు. వింటేజ్ అని రాయించుకోవాలంటే బండికి యాభై ఏళ్ళు నిండాలి. పేరు మార్చడానికి 29, 30 నంబరు ఫారాల మీద అమ్మిన వాళ్ళ సంతకాలు డబ్బిచ్చే రోజే తీసుకోండి.

ఆ ఫారాల్లో కొన్నవారి పేరు దగ్గర నేను నాయన పేరు రాశాను.

ఇక మీతో నా మనవి. ప్రోగ్రెస్ కార్డు, వార్షికోత్సవం వీడియో, చుట్టాల ముందు చెప్పే రైమ్స్, ఇవన్నీ రంగే. రంగు తప్పని నేననను. కారుకి చివర్లో మళ్ళీ రంగేయించాను, చూస్తే నాకూ సంతోషమే. కాకపోతే అది చివర్లో వేయాలి. ఈ నెలలో ఒక సాయంత్రం మీ పాపనో బాబునో పక్కన కూర్చోబెట్టుకుని, "ఈ రోజు క్లాసులో నీకు అర్థం కానిదేంటి? అప్పుడు టీచర్ని అడిగావా?" అని అడగండి. తెలుగులో చెప్పినా, ఉర్దూలో చెప్పినా, మధ్యలో ఆగినా ఆగనివ్వండి. సరిదిద్దకండి. "అడగలేదు, భయమేసింది" అంటే నాకు చెప్పండి. డైరీలో రాయండి, తెలుగులోనే రాయండి. నా తరగతిలో ఇప్పుడు ఒక నియమం ఉంది. నొప్పి, ఆకలి, భయం, బాత్‌రూమ్, ఈ నాలుగూ ఏ భాషలోనైనా చెప్పొచ్చు. ఆ మాట ఇంగ్లిషులో ఎలా అనాలో తర్వాత, వాళ్ళు కుదుటపడ్డాక నేర్పుతాను.

2025 సంక్రాంతికి కారు ఇంటికొచ్చింది. అమ్మ పసుపు కుంకుమ పెట్టి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టింది. "ఓనర్ గారూ, వెనక కూర్చోండి" అన్నాను నాయనతో. ఆయన నవ్వి, ముందుకొచ్చి నా పక్కనే కూర్చున్నారు. వెనక సీటు అమ్మకే దక్కింది.

ఆత్మకూరు రోడ్డెక్కాక ఒక గొర్రెల మంద అడ్డమొచ్చింది. నేను బ్రేకు తొక్కేలోపే నాయన కుడికాలు కింద నేలకేసి గట్టిగా తొక్కింది. ఇరవై రెండేళ్ళ అలవాటు. మంద దాటిపోయాక ఆయన కాలితో ఆ నేలని ఇంకో రెండుసార్లు తట్టి చూశారు.

"గట్టిగానే ఉందిలే. పోనీ" అన్నారు.