మా గదిలో జోడేఘాట్

బాలాపూర్ గణేష్ మండపం విప్పినంక పారేసిన థర్మాకోల్‌తో మా గది మూలకు జోడేఘాట్ గుట్టలు లేచినయి. బంకమట్టి పూసి, రంపపు పొట్టుకు ఆకుపచ్చ రంగు కలిపి అడవి చల్లినం. గుడిసెలు అగ్గిపుల్లలవి. జల్, జంగల్, జమీన్ కోసం పోరాడిన కొమురం భీం 1940లో నిజాం పోలీసుల తూటాలకు ఒరిగింది ఆ గుట్టల్లోనే. (2016లో జిల్లాకే ఆయన పేరు పెట్టిన్రు.)

ఆట పాచికలతోటి. గుట్ట మీదున్నోళ్లకు ఒక అంకె ఎక్కువ, తుపాకులోళ్లకు రెండు. పోలీసు పక్షం ఆడనీకి ఒక్కడూ రాడు! చీట్లు వేయవలసి వచ్చింది. గుట్ట మీద ఓడిన ఐదో తరగతి తమ్ముడు అన్నం ముట్టలేదు. "తుపాకికి రెండెందుకన్నా? ఒకటి చెయ్యి" అంటడు. చరిత్ర అట్ల లేదు కదరా అన్నాను. వాడు రాత్రికి రాత్రి గుట్టకు ఇంకో జానెడు మట్టి పెట్టినాడు. "ఎత్తు పెరిగింది, ఇప్పుడు మాకు రెండియ్యి" అని కూర్చున్నాడు.