తాగే కేకు, కొలిచిన నీళ్లు

కేకు అంటే మనకి తెలిసింది క్రీమ్ పూసి, పేరు రాసి, కొవ్వొత్తి ఊది కోసేది. ఫ్రెంచ్ వాళ్ల దగ్గర ఇంకో రకం ఉంది. దాని మీద పేరు రాయరు. దాని పనల్లా ఒక్కటే, తాగడం! ఈస్టుతో పొంగించి, కాల్చి, ఆరబెట్టిన చిన్న కేకుని రమ్ కలిపిన పాకంలో ముంచుతారు. అది స్పాంజిలా పాకం పీల్చుకుని, బరువు రెట్టింపు దాటేదాకా తాగుతుంది. దాని పేరు బాబా. దాదాపు అదే పిండిని గాజులాంటి గుండ్రటి అచ్చులో కాలిస్తే సావరిన్.

నేను దీన్ని నేర్చుకున్నది హైదరాబాద్‌లో, ఒక హోటల్ పేస్ట్రీ కిచెన్‌లో. ఇప్పుడు చేస్తున్నది కవిటిలో, మా ఇంటి వంటగదిలో. తాగే కేకుని, తాగే నీళ్లు కూడా కొలుచుకునే ఇంట్లో చేస్తున్నానన్నమాట.

మా అమ్మకి డయాలసిస్ మొదలై ఇది మూడో ఏడు. ఉద్దానంలో ఇది కొత్త కథేం కాదు. దశాబ్దాలుగా ఇక్కడ కిడ్నీ జబ్బు ఉంది, కారణం ఇదీ అని ఇప్పటికీ ఒక్క మాటలో తేలలేదు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ రీసెర్చ్ సెంటర్ వచ్చాయి. మీది పలాస, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం వైపు అయితే మీ వీధిలోనో, మీ చుట్టాల్లోనో ఒకరి గురించి మీకూ తెలిసే ఉంటుంది.

డయాలసిస్ అంటే బయటివాళ్లకి గుర్తొచ్చేది మెషీన్, సూదులు. ఇంట్లో ఉండేవాళ్లకి గుర్తొచ్చేది నీళ్ల లెక్క. అమ్మకి డాక్టర్ చెప్పింది రోజుకి లీటరు లోపు. టీ అందులోదే, మజ్జిగ అందులోదే, చారు అందులోదే, మాత్ర వేసుకునే గుక్క కూడా అందులోదే. లెక్క దాటితే మర్నాటికి కాళ్లు వాస్తాయి, ఆయాసం వస్తుంది.

ఇంకో బాధ చూడండి. మా పెరట్లో తిత్లీ తుఫానుకి పోగా మిగిలిన నాలుగు కొబ్బరి చెట్లున్నాయి. కొబ్బరి నీళ్లలో పొటాషియం ఎక్కువ కాబట్టి అమ్మ తాగకూడదు. పనసకాయ కూడా అంతే. జీడిపప్పులో పొటాషియంతో పాటు ఫాస్ఫరస్ కూడా ఎక్కువ, అదీ వద్దు. ఉద్దానం పేరు చెప్పగానే లోకం లొట్టలేసే మూడూ ఉద్దానం మనిషికి నిషిద్ధం.

అమ్మ ఎప్పుడూ ఏడవలేదు. ఒకసారి మాత్రం అంది: "నాకు దాహం కాదే బాధ. ఏటి తిన్నా అందరూ నా నోటికేసి సూత్తారు, అదే బాధ."

నేను హోటల్ ఉద్యోగం మానేసి ఇంటికొచ్చేసింది అప్పుడే. ఇప్పుడు పుట్టినరోజులకి కేకులు చేసి ఇస్తుంటాను. బాబా మాత్రం అమ్మడానికి కాదు, ఇంటికి.

ఓ రాజు గారి ఎండు కేకు

బాబా కథలో ఒక రాజు ఉన్నాడు. స్తానిస్లాస్ అని, పోలండ్ సింహాసనం పోగొట్టుకుని ఫ్రాన్స్ పక్కన లోరైన్‌లో స్థిరపడ్డవాడు. ఆయన ముందు పెట్టిన కేకు ఎండిపోయి గొంతు దిగకపోతే, దాన్ని వైన్‌లో తడిపించుకుని తిన్నాడని చెప్పుకుంటారు. ఆయన కూతురు మరీ 1725లో ఫ్రాన్స్ రాజు 15వ లూయీని పెళ్లాడింది. ఆమెతో వచ్చిన వంటవాడు నికోలా స్తోరే 1730లో పారిస్‌లో మిఠాయి కొట్టు పెట్టాడు. రూ మోంతొర్గీ అనే వీధిలో ఆ కొట్టు ఇప్పటికీ ఉంది, బాబాలు ఇప్పటికీ అమ్ముతోంది. ఆలీబాబా మీద ఇష్టంతో రాజు ఆ పేరు పెట్టాడని ఒక కథ. పోలిష్ భాషలో 'బాబా' అంటే ముసలమ్మ అని ఇంకో వివరణ. నాకు ముసలమ్మే నచ్చింది.

రమ్ తర్వాత వచ్చింది, 19వ శతాబ్దంలో. సావరిన్ కూడా ఆ కాలందే. తిండి గురించి పుస్తకం రాసిన బ్రియా సావరిన్ అనే ఆయన పేరు దానికి పెట్టారు.

ఇక్కడ ఆగి ఒక ప్రశ్న. ఫ్రాన్స్‌లో చెరకు పండదు కదా, రమ్ ఎక్కడిది? మార్టినిక్, గ్వాడెలూప్, రీయూనియన్ లాంటి ఫ్రెంచ్ దీవులది. అక్కడ చెరకు నరికినవాళ్లు మొదట ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలు. 1848లో ఫ్రెంచ్ వాళ్లు బానిసత్వం రద్దు చేశాక, కాంట్రాక్టు కాగితాలు రాయించి మన దేశం నుంచి కూలీల్ని పెద్దయెత్తున ఓడలెక్కించారు. అంతకు ముందే, 1828లోనే, యానాం నుంచి కొద్దిమంది తెలుగువాళ్లని రీయూనియన్ తీసుకెళ్లారు. అదే యానాం, 1954 దాకా ఫ్రెంచ్ వాళ్ల కింద ఉన్న మన గోదావరి ఒడ్డు ఊరు. పక్కనే ఉన్న మారిషస్‌కి కూడా మన తీరం నుంచి వెళ్లారు. అక్కడ ఈరోజుకీ ఉగాదికి సెలవిస్తారు.

అందుకే ఇది ఎవరిదో వంట అని నాకు అనిపించదు. ఆ పాకంలో మన ఊళ్లవాళ్ల చెమట కూడా కొంత ఉంది.

రమ్ సీసా ఇంటికి వచ్చిన వేళ

శ్రీకాకుళం జిల్లాలో రమ్ ఎక్కడ దొరుకుతుందని అడగక్కర్లేదు. ప్రతి బంధువర్గంలోనూ ఒక మిలటరీ మావయ్య ఉంటాడు. మాకూ ఉన్నాడు. క్యాంటీన్ సీసా పట్టుకుని గుమ్మంలో నిలబడి, "ఏటే, మేం గ్లాసులో ఏసుకుంటే తప్పు, నువ్వు రొట్టికి పోస్తే వంటా?" అన్నాడు. అమ్మ లోపల్నుంచే చెప్పింది: "అరవై మిల్లీలు పోసి, సీసా ఎత్తుకెళ్లిపోరా." ఎత్తుకెళ్లిపోయాడు.

ఒక విషయం గుర్తుంచుకోండి. పాకం పొయ్యి మీద నుంచి దించి, గోరువెచ్చగా అయ్యాకే రమ్ కలుపుతారు, వాసన పోకూడదని. కాబట్టి మందు ఆవిరైపోదు, కేకులోనే ఉంటుంది. 'కేకే కదా' అని పిల్లలకి పెట్టకండి. తిని బండి తీయకండి. నేను ప్రతిసారీ సగం రమ్‌తో, సగం రమ్ లేకుండా చేస్తాను.

ఎలా చేస్తానంటే...

బాబా అచ్చులు కొనక్కర్లేదు. మనిళ్లలో ఉండే చిన్న స్టీలు గ్లాసులు సరిగ్గా సరిపోతాయి. 12 గ్లాసులకి నా కొలత ఇది: మైదా 250 గ్రాములు, పంచదార 25, ఇన్‌స్టంట్ ఈస్టు 6, ఉప్పు అర చెంచా, గుడ్లు 3, గోరువెచ్చని పాలు 60 మిల్లీలు, ఉప్పు లేని మెత్తటి వెన్న 75 గ్రాములు.

వెన్న తప్ప మిగతావన్నీ కలిపి పది నిమిషాలు చేత్తో బాదాలి. ఇది చపాతీ పిండిలా ఉండదు, గారెల పిండికంటే జారుగా, చేతికి అంటుకుంటూ ఉంటుంది. అయినా పొడి పిండి జల్లకండి. బాదగా బాదగా సాగుతుంది, గిన్నె అంచుల్ని వదులుతుంది. అప్పుడు వెన్న కొంచెం కొంచెంగా కలపాలి. ఈ సాగుడే అసలు కీలకం. మైదాలోని గ్లూటెన్ వలలా అల్లుకుంటేనే కేకు లోపల గదులు గదులుగా వస్తుంది. ఆ గదుల్లోనే కదా పాకం నిలవాల్సింది. సాగని పిండితో చేస్తే పాకంలో వేయగానే విడిపోతుంది.

వెన్న రాసిన గ్లాసుల్లో సగానికి తక్కువే వేసి గుడ్డ కప్పండి. మన తీరం ఉక్కకి ముప్పావుగంట, గంటలో అంచుదాకా పొంగుతుంది. చలి దేశాల్లో దీనికోసం వెచ్చటి అరలు వాడతారు. మనకి వరండా చాలు. తర్వాత 180 డిగ్రీల వేడిలో 20 నుంచి 25 నిమిషాలు, బాగా ఎర్రబడేదాకా కాల్చాలి. మా ఇంట్లో చిన్న ఓటీజీ ఉంది. పొంగిన పిండి కరెంటు కోసం ఆగదు కాబట్టి, కరెంటు ఎప్పుడు పోతుందో కనుక్కుని మొదలుపెడతాను.

కాల్చిన వెంటనే ముంచకూడదు. ఒక రోజు, వీలైతే రెండు రోజులు గాలికి ఆరనివ్వాలి. కేకు ఎండాలని ఎదురుచూసే వంట ఇదొక్కటేనేమో! ఎండినదే ఎక్కువ తాగుతుంది, తాగినా చితకదు.

పాకానికి నీళ్లు 600 మిల్లీలు, పంచదార 300 గ్రాములు, నారింజ తొక్క, రెండు ఏలకులు. తీగ పాకం వద్దు. పంచదార కరిగి ఒక పొంగు వస్తే చాలు. గులాబ్ జామ్‌కి పెట్టేదానికంటే పలచన. పాకం చిక్కబడితే లోపలిదాకా వెళ్లదు, పైనే ఆగిపోతుంది. పాకాన్ని రెండు గిన్నెల్లోకి సమంగా పంచి, ఒకదాంట్లో 60 మిల్లీల రమ్ పోయండి. చల్లారిన కేకులు, వెచ్చటి పాకం. మునిగాక అటూ ఇటూ తిప్పుతుంటే బుడగలు వస్తాయి. బుడగలు ఆగితే దాని కడుపు నిండినట్టు.

మొదటిసారి చూసినప్పుడు అమ్మ గిన్నెమీదకి వంగి, "రొట్టి నీళ్లు తాగుతున్నాదేటే!" అంది. ఆ రోజు నుంచి మా ఇంట్లో దాని పేరు బాబా కాదు, గ్లాసు రొట్టి.

రమ్ లేని సగం

రమ్ తీసేస్తే మిగిలేది ఉత్త తీపేనా? కాదు. రమ్ చేసే పని రెండు రకాలు: వాసన ఇవ్వడం, తీపిని కాస్త చేదుతో, ఘాటుతో విరవడం. ఆ చేదు మాడిన పంచదారలో కూడా ఉంటుంది. రెండు చెంచాల పంచదారని నీళ్లు లేకుండా చిన్న మంట మీద కరిగించి, తేనె రంగు దాటి టీ డికాషన్ రంగుకి వచ్చాక దూరంగా నిలబడి వేడినీళ్లు కొద్దికొద్దిగా పోయండి. చిమ్ముతుంది, జాగ్రత్త. దాన్ని పాకంలో కలిపి, చిన్న దాల్చినచెక్క ముక్క వేస్తే రంగు, చేదు, వాసన మూడూ వస్తాయి. వీధిలో పిల్లలు తినేది ఇదే.

మనదనాన్ని చూపించాలని బెల్లం పాకం పెడదామనుకున్నాను. చేసేముందు అమ్మ డైటీషియన్‌ని అడిగితే, బెల్లంలో పొటాషియం ఉంటుంది, వద్దన్నారు. గోధుమ పిండి కంటే మైదాలో పొటాషియం, ఫాస్ఫరస్ తక్కువన్నారు. గుడ్డు ఫర్వాలేదన్నారు, డయాలసిస్ వాళ్లకి ప్రోటీన్ కావాలి కదా. అమ్మకి షుగర్ లేదు కాబట్టి తీపి కొంచెం తినొచ్చన్నారు. అమ్మవాటిలో ఉప్పు కూడా మానేశాను, ఉప్పు దాహం పెంచుతుంది కాబట్టి.

ఫోన్ తెరిస్తే చాలు, మైదా విషం, పంచదార విషం, కొబ్బరి నీళ్లు అమృతం అని రీల్స్. మా ఇంట్లో అమృతమే ప్రమాదం, విషమన్నదే వీలైన తిండి. ఒంటి సంగతి తెలియకుండా తిండికి మంచీ చెడూ అని ముద్ర వేయలేమని నాకు నేర్పింది ఏ రీలూ కాదు, అమ్మ రక్తపరీక్ష కాగితం. మీ ఇంట్లో డయాలసిస్ మనిషి ఉంటే నా కొలతలు గుడ్డిగా పట్టుకోకండి. ఒక్కో మనిషి లెక్క ఒక్కోలా ఉంటుంది. మీ డాక్టర్‌నో, డైటీషియన్‌నో అడగండి.

ఇక నీళ్ల లెక్క. ఎండిన బాబాని వంటగది త్రాసు మీద పెడితే 40 గ్రాములు. కడుపునిండా తాగాక 95. అంటే 55 గ్రాముల పాకం. నా పాకంలో మూడింట రెండొంతులు నీళ్లు, కాబట్టి ఒక్క కేకులో దాదాపు 37 మిల్లీలు. అమ్మదాన్ని అంతసేపు ముంచను. పళ్లెంలో పెట్టి, చెంచాతో 30 గ్రాములు కొలిచి పైనుంచి పోస్తాను. అందులో నీళ్లు 20 మిల్లీలు. గోడమీద కేలెండర్ పక్కన నీళ్లు రాసే కాగితంలో టీ, చారు, మాత్రల కింద 'గ్లాసు రొట్టి - 20' అని కూడా రాస్తాం.

ఇంతా చేసి ఏం మారిందంటే, ఒంటి విషయంలో ఏమీ మారలేదు. వారానికి మూడు రోజులు సెంటర్‌కి వెళ్లాల్సిందే, నాలుగేసి గంటలు పడుకోవాల్సిందే. మారింది ఆదివారం సాయంత్రం. మావయ్య రమ్ముది, పిల్లలు మాడు పంచదారది, అమ్మ తనది, అందరివీ అవే స్టీలు గ్లాసుల్లో కాలినవి, అందరూ ఒకే వరండాలో కూర్చుని తింటారు. అమ్మ నోటికేసి ఎవరూ చూడరు. ఎవరి పళ్లెం వాళ్లది.

మొన్న శనివారం రాత్రి అమ్మ తన కాగితం దగ్గర నిలబడి లెక్క చూసుకుంటోంది. "రేపు సాయంత్రం టీ నాకు వద్దులే. ఆ నీళ్లు గ్లాసు రొట్టికి పొయ్యి. ఈసారి కొంచెం బాగా తాగనీ దాన్ని" అంది.

పిండి ఆ గురువారమే కాల్చి ఉంచాను. అప్పటికి బాగా ఎండింది.