మన చద్దర్, మన లేబుల్

కొంచెం పొడుగు పోస్టు, చాయ్ పెట్టుకుని చదవండి.

పోయిన నెల హైదరాబాద్ నుంచి మా పాత పార్టీ ఒకాయన ఫోన్ చేశాడు. "ఏం శేఠ్, మీ చద్దర్ రెండు ఉతుకులకే వెలిసిపోయింది. ఇన్నేళ్లు మిమ్మల్నే నమ్ముకున్నం గదా!" అన్నాడు. ఫొటో పంపమన్నాం. చూస్తే అది మా మగ్గం మీదిది కానే కాదు. మన జకార్డ్ చద్దర్‌లో పువ్వు నేతలోనే పుడుతుంది, రెండు వైపులా కనిపిస్తుంది. అందులో పువ్వు పైన అచ్చు వేసింది. లేబుల్ మీద మాత్రం "సోలాపూర్" అని పెద్దక్షరాలు, పక్కన మా నెమలికి చెల్లెలి లాంటి ఇంకో నెమలి.

మా తాతలు కరీంనగర్ వైపు నుంచి ఈ ఊరి మిల్లుల్లో పనికి వచ్చినవాళ్లు. చద్దర్‌కు ఆ పేరు తెచ్చింది వాళ్ల చేతులు కూడా. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే అన్నదమ్ములం ముగ్గురం మా వకీలు మామ దగ్గరికి పోయాం.

ఆయన మొదటి మాటే, "మీ నెమలి వేరు, ఊరి పేరు వేరు" అని. నెమలి రిజిస్టర్ కాకపోయినా, దానికి బజారులో పేరుందని, కొనేవాళ్లు పొరబడుతున్నారని, మనకు నష్టం జరుగుతోందని చూపిస్తే "పాసింగ్ ఆఫ్" కింద కోర్టుకు పోవచ్చట. చూపించాలంటే పాత బిల్లులు కావాలి. మేము పదేళ్ల బిల్లులు రద్దీకి అమ్మేసి కూర్చున్నాం!

ఇక ఊరి పేరు. సోలాపూర్ చద్దర్‌కు, టెర్రీ టవల్‌కు 2005-06లోనే జీఐ నమోదు అయింది. 1999 నాటి ఆ చట్టంలో 22వ సెక్షన్ అన్యాయమైన పోటీని పేరు పెట్టి మరీ ఉల్లంఘన అంటుంది. నిజాయితీ గల వ్యాపార పద్ధతికి విరుద్ధమైన పోటీ ఏదైనా అందులోకి వస్తుంది. దొంగ జీఐ పేరు వేసి దొరికితే ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా. వినగానే మా తమ్ముడు కుర్చీలోంచి లేచాడు.

"కూర్చో బాబూ. మీరు అధీకృత వాడుకదారులుగా నమోదు చేసుకున్నారా?" అన్నాడు మామ.

లేదు. ఊళ్లో పుట్టాం, ఊళ్లో నేస్తున్నాం, ఇంకా కాగితమెందుకు అనుకున్నాం. ఆ చట్టం కింద దావా వేసే హక్కు జీఐ యజమానికి, నమోదైన వాడుకదారుకే ఉందట. మనలో ఎంతమందికి ఈ సంగతి తెలుసు?

అంతటితో అయిపోలేదు. మేము చూపించడానికి పట్టుకుపోయిన మా టవల్‌ను మామ తిరగేశాడు. "వంద శాతం కాటన్" అని ఉంది. "ఈ అంచు మెరుస్తోంది, ఏం నూలు ఇది?" అన్నాడు. ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నూలు రేటు పెరిగిన ఏడు అంచుకు పాలిస్టర్ పెట్టాం, లేబుల్ మార్చలేదు. "మా టవలే మేలు" అని గొప్ప చెప్పుకుంటే ఎవరూ పట్టించుకోరట. "వంద శాతం" మాత్రం లెక్క. లెక్క తప్పితే అబద్ధం. 2019 వినియోగదారుల చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకు కేంద్ర ప్రాధికార సంస్థ పది లక్షల దాకా జరిమానా వేయగలదు, మళ్లీ చేస్తే యాభై లక్షల దాకా. లేబుల్ కూడా ప్రకటన కిందికే వస్తుంది.

"నువ్వు వాడికి నోటీసు పంపితే, వాడి వకీలు ముందు కొనేది నీ టవలే" అన్నాడు మామ.

ఆ నోటీసు ఇంకా పంపలేదు. వాడుకదారు దరఖాస్తు రాస్తున్నాం. పాత లేబుళ్లు రెండు పెట్టెలు కాల్చేశాం, అమ్మ గొణిగింది. హైదరాబాద్ పార్టీకి అసలు చద్దర్ ఒకటి ఊరికే పంపాం. ఆదివారం సంఘం మీటింగుకు వచ్చేవాళ్లు మీ లేబుల్ ఒకటి, దొరికినంత పాత బిల్లు ఒకటి తీసుకురండి. మామ కూడా వస్తానన్నాడు.